మన యూరి ప్రాణులకు చిట్టా



మన గ్రామములందు భూమికి లెక్క కలదు. ఏ సర్వే నంబరులో ఎంత నేల యున్నదో, దానిలో ఏ పైరు పెట్టిరో అడంగలు చెప్పును. ఇంటికి లెక్క కలదు. మనిషికి లెక్క కలదు. ఎద్దునకు, ఆవునకు, గొఱ్ఱెకు, కోడికి సైతము పశుగణనమున లెక్క కలదు. కాని ఆ నేలమీదనే మనతోపాటు తరతరములుగా బ్రదుకుచున్న పాలపిట్టకు, అలుగునకు, ఉడుమునకు, చెఱువులోని చేపకు, గట్టుమీది తాబేలునకు లెక్క యేదియు లేదు. అవి యున్నవని మన మెఱుగుదుము. ఎన్ని యున్నవో యెఱుగము. తగ్గినవని యరుగుమీద కూర్చుండి చెప్పుకొందుము. ఎప్పటినుండి తగ్గెను, ఎంత తగ్గెను అని యడిగినవానికి బదులు చెప్పజాలము. ఈ లెక్క యెందులకు, దానిని వ్రాయుట యెట్లు, వ్రాసినదానిని ఎవరితో పంచుకొనవలయును అను మూడు విషయములను ఈనాడు మీకు మనవి చేయుదును.

ఊరక సిద్ధాంతము చెప్పుటకన్న మన తెలుగునాట జరిగిన కథ యొకటి చెప్పుట మేలు. కడప జిల్లాలో లంకమల కొండల క్రింద, ముండ్లపొదలతో నిండిన బీళ్ళలో కలివికోడి యను పక్షి కలదు. కలివిపొదల నడుమ తిరుగునది గనుక దానికా పేరు వచ్చెను. కోడి యనుటయే గాని కోడియంత యుండదు. జానెడుకంటె కొంచెము పొడవు. సన్నని కాళ్ళు, పెద్ద కన్నులు, ఱొమ్మున రెండు గోధుమరంగు పట్టెలు దాని గుఱుతులు. ఎగురుటకంటె నేలమీద పరుగెత్తుట దానికి వాడుక. పగలెల్ల పొదల నీడను కదలక మెదలక యుండి, చీకటిపడిన పిమ్మట మేతకు వెడలును.

నూట డెబ్బదియైదేండ్లకు పూర్వము తామస్ జెర్డన్ అను ఆంగ్లేయ వైద్యుడు మదరాసు సైన్యమున కొలువు చేయుచుండెను. ఆయన కొంతకాలము నెల్లూరిలో సివిల్ సర్జనుగా నుండి, అచ్చటి యానాదుల నడిగి ప్రాణులను గూర్చి యెన్నియో సంగతులు గ్రహించెను. కలివికోడిని విద్వాంసుల కెఱిగించినవాడు ఆయనయే. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ అను పండితుడు దానికి శాస్త్రీయనామ మిడెను. తరువాత జెర్డన్ తన పక్షిగ్రంథమున దానికి అడవి ఉతతిత్తి యను తెలుగు పేరును గూడ చేర్చెను. అటుపిమ్మట గోదావరీతీరమున సిరోంచ, భద్రాచలముల ప్రాంతములందును, అనంతపురము చేరువను ఆ పక్షిని చూచినట్లు కొందఱు వ్రాసిరి. 1900వ సంవత్సరముతో ఆ వ్రాతలు నిలిచిపోయెను. పక్షిశాస్త్రజ్ఞులు వెదకిరి, కానరాలేదు. అది లోకమునుండియే యంతరించినదేమో యని పలువురు తలచిరి.

ఇట్లు 86 ఏండ్లు గడచెను. 1883లో స్థాపితమైన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు ఆ పక్షికై మరల వెదకుటకు పూనుకొనిరి. ఆ సంస్థకు చెందిన భరత్ భూషణ్ అను పరిశోధకుడు కడప ప్రాంతమునకు వచ్చి, పక్షి బొమ్మను పల్లెజనులకు చూపి, ఇట్టిదానిని మీ రెఱుగుదురా యని విచారించెను. ఎఱిగినవారు దొరకిరి. 1986 జనవరిలో రెడ్డిపల్లె ప్రాంతమున ఒక గ్రామస్థుడు రాత్రివేళ దీపపు వెలుతురున ఆ పక్షిని పట్టి తెచ్చెను. చెఱబడిన యా పక్షి బ్రదుకలేదు గాని, కలివికోడి యింకను భూమిమీద నున్నదను వార్త దేశదేశముల ప్రాకెను.

అయ్యలారా, ఇచ్చట కొంచెము నిలిచి యోచింపుడు. ఆ యెనుబదియాఱేండ్లును ఆ పక్షి ఎవరికి కనబడకుండెను? గ్రంథములు వ్రాయువారికి. ఆ బీళ్ళలో గొఱ్ఱెలు కాచినవానికిని, రాత్రి పొదలవెంట నడచినవానికిని అది యెన్నడును కనబడకుండలేదు. వారు దానికి పేరు పెట్టుకొనిరి. దాని నడక యెఱుగుదురు. అది తిరుగు చోటెఱుగుదురు. అయితే వారి యెఱుక కాగితమున కెక్కలేదు. అట్లే గ్రంథములందున్న మాట వారి చెవిని పడలేదు. ఇరువురి నడుమ దారి లేకపోవుటచేత, ఉన్న పక్షి లేనిదయ్యెను. నిజముగా తప్పిపోయినది పక్షి కాదు, దానిని గూర్చిన సమాచారము.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. చరకసంహిత సూత్రస్థానమునందు, ఓషధుల పేరును రూపమును మేకల కాపరులు, గొఱ్ఱెల కాపరులు, గోపాలకులు, తదితర వనవాసులు ఎఱుగుదురని చెప్పబడినది. అయితే పేరును రూపమును తెలిసినంతమాత్రమున చాలదనియు, ప్రయోగము తెలిసినవాడే వైద్యుడనియు ఆ గ్రంథము వెంటనే చెప్పును. అనగా కాపరి యెఱుక, పండితుని యెఱుక కలిసినగాని విద్య పూర్ణము కాదు. నేడు జీవవైవిధ్య పరిశోధన యనునది చేయుచున్న పని యిదియే. జీవవైవిధ్యమనగా ఒక చోట బ్రదుకు మొక్కలు, జంతువులు, పక్షులు, పురుగులు, వాటిలోని జాతిభేదములు, అవి యొకదానిమీద నొకటి యాధారపడు తీరు – ఈ సమస్తమును.

ఇక వ్రాసియుంచిన చిట్టావలన కలుగు ఫలమేమో చూతము. కలివికోడి మరల దొరకుటవలన 1988లో ఆ ప్రాంతము శ్రీ లంకమల్లేశ్వర వన్యప్రాణి యభయారణ్యముగా ప్రకటింపబడెను. 2000 తరువాత పరిశోధకులు అచ్చట మఱియొక యుపాయము చేసిరి. రాత్రివేళ తిరుగు పక్షిని వెంటాడుట కష్టము గనుక, పొదల నడుమ సన్నని పట్టీలుగా మన్ను చదునుచేసి, మఱునాటి యుదయమున వచ్చి దానిమీది యడుగుజాడలను చూచిరి. ఏ జాడ యే పక్షిదో గుఱుతించి, తేదీ వేసి, చోటు వేసి వ్రాసికొనిరి. కూతను యంత్రమున పట్టి, సందెవేళ వినిపించి, బదులు కూత వచ్చునేమో యని చెవియొగ్గిరి. ఇట్లు కూడబెట్టిన వ్రాతలవలన ఒక సూక్ష్మము తేలెను. పొదలు మిక్కిలి దట్టమైనచోట ఆ పక్షి యుండదు. బొత్తిగా పలుచనైన చోటను ఉండదు. నడిమి తరగతి పొదలనేల దానికి కావలయును. కావున ఆ పొదలను నఱికివేసినను చెఱుపే, మనిషియు మందయు త్రొక్కని దట్టమైన యడవిగా పెరుగనిచ్చినను చెఱుపే. ఎన్నో రాత్రుల జాడలను వరుసగా వ్రాసి చూచినగాని ఇట్టి సంగతి తేలదు.

2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పక్షి తిరుగు పొదలలోనికి వచ్చెను. రైతునకు నీరు కావలయును; అది కాదనరాని మాట. అట్టి సమయమున పక్షిపక్షమున ఊరక మొఱపెట్టిన వినువారెవరు? కాని పరిశోధకులచేతిలో చోటు, తేదీ, సాక్ష్యము కల చిట్టా యుండెను. వ్యవహారము విచారణకు వచ్చెను. కాలువ దారి మార్చబడెను. నీటి పథకము నిలువలేదు, పక్షి చోటును పూర్తిగా పోలేదు. భూమి తగవులో దస్తావేజున కెంత బలమో, ప్రాణుల తగవులో చిట్టాకు నంత బలము కలదని దీనివలన తెలియుచున్నది.

మఱియొక నిదర్శనము వినుడు. స్కాట్లండు దేశమున అబెర్డీన్ విశ్వవిద్యాలయపు వస్తుప్రదర్శనశాలలో పక్షిగ్రుడ్ల సంపుటమొకటి కలదు. అందులో 1917లో కోలారు ప్రాంతమున సేకరింపబడిన గ్రుడ్డొకటి దశాబ్దములపాటు ఎవరి దృష్టికిని రాక పడియుండెను. అది కలివికోడి గ్రుడ్డని పరిశోధకులు గుఱుతించి, పాత చర్మములలోని జన్యుపదార్థముతో పోల్చి స్థిరపఱచి, 2013లో ప్రకటించిరి. 1900 తరువాత 1986 వఱకు ఆ పక్షి జాడ లేదనుకొన్న లోకమునకు, నడుమ 1917లో కోలారు ప్రాంతమున నుండెనని యప్పుడు తెలిసెను. ఆ గ్రుడ్డువెంట చోటును, సంవత్సరమును నిలిచియుండుటచేతనే దానికింత విలువ కలిగెను. అవి లేకున్న అది వట్టి పెంకు.

ఇక వ్రాయుట యెట్లో చెప్పెదను. మీలో చాలమంది గుడిలోని శిలాశాసనమును చూచియుందురు. మంచి శాసనమునందు శకవర్షము, మాసము, తిథి యుండును, దానమిచ్చినవాని పేరుండును, భూమి యెల్లలుండును, సాక్షులుందురు. అందుచేతనే ఎనిమిదివందల యేండ్ల తరువాతను దానిని చదివి, ఈ పొలము ఈ దేవునికి ఈనాడు ఇచ్చిరని చెప్పగలుగుచున్నాము. ప్రాణులను గూర్చిన వ్రాతకును అదే నియమము. ఆఱు ప్రశ్నలకు అందులో బదులుండవలయును: ఏమి చూచితిరి, ఎన్ని చూచితిరి, ఎచ్చట చూచితిరి, ఎప్పుడు చూచితిరి, చూచినవారెవరు, అది యదియేనని ఎట్లు తెలిసినది.

ఉదాహరణకు, “చెఱువులో కొంగలు వచ్చినవి” అని వ్రాసిన ప్రయోజనము స్వల్పము. “జనవరి 12వ తేదీ, ఉదయము 6 గంటలనుండి 7 గంటలవఱకు, ఊరికి తూర్పున పెద్దచెఱువు కట్టమీద రెండవ తూముకడ నిలిచి చూచితిని, గూడబాతులు 14, ఎఱ్ఱకాళ్ళ కొంగలు 9, ముక్కు క్రింద సంచివలన గూడబాతులను గుఱుతించితిని, చెఱువులో నీరు సగమున్నది” అని వ్రాసిన, ఏబదియేండ్ల తరువాత చదువువానికిని అది యుపయోగపడును. తెలుగు తిథి వ్రాసికొనువారు ఇంగ్లీషు తేదీని గూడ చేర్చుట మంచిది. చోటును చెప్పునప్పుడు “మా తోటకడ” అన్న చాలదు. తోట చేతులు మాఱును. ఊరు, దిక్కు, చెఱువు, కొండ, సర్వే నంబరు – మాఱని గుఱుతు లేవో అవి వ్రాయవలయును. సెల్‌ఫోను కలవారు అది చూపు అక్షాంశ రేఖాంశములను ప్రక్కన వ్రాసికొనవచ్చును.

పేరు విషయమున ఒక హెచ్చరిక. మన భాషలో కొంగ యన్నమాట పెక్కు పక్షులకు చెల్లును. గద్ద యన్నమాటయు నట్టిదే. ఒకే పక్షికి ఒక సీమలో ఒక పేరు, మఱియొక సీమలో మఱియొక పేరు. జెర్డన్ విన్న పేరు అడవి ఉతతిత్తి. లంకమల క్రింద వినబడిన పేరు కలివికోడి. ఒక పేరుతో అడిగినవానికి, వేఱొక పేరుతో నెఱిగినవాడు “అట్టిది మా కడ లేదు” అని బదులు చెప్పుట సహజము. కావున మీ యూరిలో వాడు పేరునే ముందు వ్రాయుడు. అది నాటుపేరు గదా యని సిగ్గుపడి విడువకుడు; శాస్త్రజ్ఞుడు మీ కడకు వచ్చుటకు అదియే త్రోవ. దానివెంట రూపము వ్రాయుడు: కాకికంటె పెద్దదా చిన్నదా, ముక్కు వంకరయా నిడుపా, కాళ్ళ రంగేమి, కూత యెట్టిది, నేలమీద తిరుగునా, కొమ్మమీద వ్రాలునా. ఛాయాపటము తీయగలిగిన మఱియు మేలు.

సందేహమున్నచోట సందేహమనియే వ్రాయవలయును. తెలియనిదానిని తెలిసినట్లు వ్రాసిన వ్రాత, వ్రాయని దానికంటె చెడుగు. ఏలయన దానిని నమ్మి మఱియొకడు మఱియొక తప్పు చేయును. కన్నులార చూచినది, చెవులార విన్నది, ఇతరులు చెప్పగా తెలిసినది – ఈ మూటిని వేఱువేఱుగా చూపవలయును. “మా తాతగారి కాలమున ఈ వాగులో నీటికుక్క లుండెడివి” అను మాటయు వ్రాయదగినదే. కాని అది తాతగారి మాటయని చెప్పి వ్రాయవలయును.

వెదకి కానకపోయినప్పుడు “కానరాలేదు” అని వ్రాయుటయు ముఖ్యమే. ఒక గంటసేపు ఫలానా బీటిలో తిరిగితిని, పాలపిట్ట యొక్కటియు కనబడలేదు అనునది గొప్ప సమాచారము. లేమి వ్రాసినగాని తఱుగుదల తెలియదు. అట్లే వింతపక్షి కనబడిననాడు మాత్రమే పుస్తకము తెఱచుట తగదు. ఆనాడు చూచినవానినెల్ల – కాకిని, గోరువంకను, పిచ్చుకను సైతము – వ్రాయవలయును. ఎందులకో చెప్పెదను.

ఒక జిల్లాలోనుండి ఒక సంవత్సరము 100 చిట్టాలు వచ్చినవనుకొనుడు. వానిలో 40 చిట్టాలలో పాలపిట్ట యున్నది. ఇరువదియేండ్ల పిమ్మట మరల 100 చిట్టాలు వచ్చెను. వానిలో 25 చిట్టాలలో మాత్రమే పాలపిట్ట యున్నది. అప్పుడు పాలపిట్ట కనబడుట తగ్గినదని చెప్పుటకు ఆధారము దొరకినది. పక్షులనన్నిటిని ఎవరును పట్టి లెక్కింపనక్కఱలేదు. అయితే ప్రతి చిట్టాయందును చూచినవన్నియు వ్రాసియుండవలయును. లేనిచో పాలపిట్ట నిజముగా కనబడలేదో, వ్రాయుట మఱచిరో తెలియదు. ఇది నేను కల్పించి చెప్పిన యంకె గాని, పద్ధతి కల్పితము కాదు. భారతదేశ పక్షుల స్థితినిగూర్చి 2023లో వెలువడిన నివేదిక ఈ పద్ధతిమీదనే నిలిచినది. సుమారు 30,000 మంది పరిశీలకులు పంపిన 3 కోట్లకు పైబడిన నమోదులను సమకూర్చి, అందులో 942 జాతుల పక్షులను విచారించిరి. వారిలో అధికులు జీతము తీసికొను శాస్త్రజ్ఞులు కారు, మనవంటి గృహస్థులే.

ఆ నివేదిక చెప్పిన సంగతులలో ఒకటి మన మనస్సున తగులునది. దసరానాడు ఏ పక్షిని చూచిన శుభమని ఊరిబయటికి పోయి వెదకుదుమో, ఏ పక్షి తెలంగాణకు రాష్ట్రపక్షియో, ఆ పాలపిట్ట దేశమునందు నూటికి ముప్పదివంతులకుమించి తఱిగినది. అదే నివేదిక నెమలి హెచ్చినదనియు చెప్పినది. చూడుడు, చిట్టాకు పక్షపాతము లేదు. తగ్గినదానిని తగ్గినదనును, పెరిగినదానిని పెరిగినదనును. నెమళ్ళు వేరుసెనగచేనిని పాడుచేయుచున్నవని మొఱపెట్టు రైతునకు గూడ లెక్కయే యాధారము. ప్రాణి పక్షమున మాటాడువానికిని, పైరు పక్షమున మాటాడువానికిని చిట్టా సమానముగా పనికివచ్చును.

వ్రాసినదానిని పెట్టెలో దాచిన ఫలము లేదు. మన యిండ్లలో అటకలమీద తాళపత్రములు పురుగులపాలైన విధము పెద్దలెఱిగినదే. పంచుకొను త్రోవలు రెండు కలవు. మొదటిది ఊరిలోనిదే. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి స్థానిక సంస్థయందును, అనగా మన పంచాయతీయందును, జీవవైవిధ్య యాజమాన్య కమిటీ యొకటి యుండవలయును. అది గ్రామజనుల నడిగి, అచ్చటి మొక్కలు, పంటరకములు, పశుజాతులు, అడవిప్రాణులు, వానిని గూర్చి జనులెఱిగిన సంగతులు – వీనినెల్ల ప్రజా జీవవైవిధ్య రిజిస్టరునం దెక్కింపవలయును. మీ పంచాయతీకి పోయి ఆ రిజిస్టరును చూపుడని యడుగుడు. ఉన్నచో తెఱచి చదువుడు. అందులో మీ చెఱువు పేరున్నదా, మీ గుట్టమీది ప్రాణులున్నవా, ఎవరి నడిగి వ్రాసిరి, ఏనాడు వ్రాసిరి అని పరీక్షింపుడు. లేనిది చేర్పింపుడు. ఊరిపెద్దలు చూడని రిజిస్టరు, ఏ యూరిదైనను ఒక్కతీరుగనే యుండు ప్రమాదము కలదు.

రెండవ త్రోవ ఇంటర్నెట్టు ద్వారా. ఈబర్డ్ అను సాధనము పక్షులకై 2002లో మొదలయ్యెను. ఐనాచురలిస్ట్ అనునది సకల ప్రాణులకును, మొక్కలకును 2008లో పుట్టెను. సెల్‌ఫోనుతో తీసిన ఛాయాపటమును, చోటును, తేదీని అందులో నుంచినచో, తెలిసినవారు చూచి యది ఫలానా జాతియని చెప్పుదురు, పొరపాటున్న దిద్దుదురు. ఇట్టివానినుండియు, వస్తుప్రదర్శనశాలలనుండియు, పరిశోధనాలయములనుండియు నమోదులు ప్రపంచ జీవవైవిధ్య సమాచార భాండారమునకు చేరును. కోపెన్‌హాగెన్ నగరమున కార్యస్థానము గల యా సంస్థ 2001లో ఏర్పడెను. అందలి నమోదులను ఎవరైనను వెలలేకుండ చూడవచ్చును. మీ యూరి చెఱువుకట్టమీద వ్రాసిన యొక్క పంక్తి, పరదేశమున నెవడో వలసపక్షుల త్రోవలను విచారించునప్పుడు అతనికి సాక్ష్యముగా నిలుచును. అతడు మీ యూరు చూచియుండడు; మీరతనిని చూచియుండరు.

ఇచ్చట మీలో కొందఱికి న్యాయమైన శంక కలుగును. మా యూరి ప్రాణి యెచ్చట నున్నదో లోకమునకు చాటిన, వేటకాడు గూడ వినును గదా యని. ఆ శంక సరియైనదే. నక్షత్రపు తాబేలును, అలుగును అక్రమముగా పట్టి యమ్మువారు కలరు. కావున చిట్టా వ్రాయుట వేఱు, చోటు చాటుట వేఱు. అపాయమునందున్న జాతుల విషయమున నేను చెప్పిన యా సాధనములే కచ్చితమైన స్థానమును దాచి, విశాలమైన ప్రాంతమును మాత్రము చూపును. మీరును మీ పుస్తకమున సరియైన చోటు వ్రాసికొని, బయటివారికి తాలూకా మాత్రము చెప్పవచ్చును. గూడు కనబడిన, పిల్లలు కనబడిన, ఆ చోటును ఛాయాపటముతో నలుగురికి పంపకుడు. 2025 ఆగస్టులో పక్షిపరిశీలకులు కొందఱు కలివికోడి కూతను చాలకాలమునకు మరల విని, ధ్వనిముద్రణము చేసిరి. ఆ వార్త దేశమంతయు వినెను. ఆ పొద యేదో దేశమంతయు వినవలసిన పని లేదు.

మూలికల విషయమున మఱియొక శంక. మా యింటి వైద్యమును వ్రాసియిచ్చిన, ఎవడో దానితో ధనము గడించును గదా యని. ఏ మొక్క యెచ్చట నున్నదో చెప్పుట యొకటి, దానితో మందు చేయు విధము చెప్పుట మఱియొకటి. మొదటిది చెప్పి రెండవది దాచుకొను స్వేచ్ఛ మీకు కలదు. ఆ మూలికలను వ్యాపారమున కుపయోగించువారు లాభమున జనులకు భాగమీయవలయునను నియమమును జీవవైవిధ్య చట్టమునందే కలదు. అడిగినవాడెవడు, ఎందులకడుగుచున్నాడు అని విచారించి, కమిటీ యెదుట మాటాడుట యుత్తమము.

ఇంకొక మాట. చూచుటకై పట్టరాదు, కొట్టరాదు, గ్రుడ్డు తీయరాదు. జెర్డన్ కాలమున పక్షిని చంపి చర్మము దాచుట వాడుకయై యుండెను. నేటి కది యనవసరము, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. కన్నును, చెవియును, కాగితమును చాలును.

ఈ పనికి పెద్దలే యేల కావలయునని మీ రడుగవచ్చును. ఏలయన, చెఱువు నిండి యలుగు పాఱిననాడు ఏ చేపలు ఎదురెక్కెడివో, ఏ కార్తెలో ఏ పక్షి కూసెడిదో, ఏ కఱవు తరువాత ఏ ప్రాణి కనబడకపోయెనో చెప్పగలవారు మీరు మాత్రమే. శాస్త్రజ్ఞుడు నేడు వచ్చి నేటి సంగతి చూడగలడు. నలువదియేండ్ల క్రిందటి మీ బీటిని చూడలేడు. ఆ కాలపు లెక్క మీ జ్ఞప్తియందు మాత్రమే యున్నది. మీ వెనుక అది యుండదు. మీ మనుమనికి సెల్‌ఫోను వాడుట వచ్చును గాని ఉడుతకు, ముంగిసకు తప్ప తక్కిన ప్రాణులకు పేరు తెలియదు. మీకు పేర్లన్నియు తెలియును గాని ఆ యంత్రము వాడుటకు విసుగు. మీరు చెప్పుడు, వానిచేత వ్రాయింపుడు. వానికి పేర్లు వచ్చును, ఊరికి చిట్టా మిగులును.

ఖర్చు స్వల్పము: నూఱు పుటల పుస్తకమొకటి, కలమొకటి. నెల కొకమాఱు, ఒకే చోట, ఒకే వేళ, ఒక గంటసేపు కూర్చుండి చూచినదెల్ల వ్రాసిన చాలును. సంవత్సరమునకు పండ్రెండు పుటలగును. మొదటి పుటలో మీ పేరు, ఊరు, కూర్చుండు చోటు వ్రాయుడు. చివరి పుటలను వేఱుగ నుంచి, మీ చిన్ననాడుండి యిప్పుడు లేని ప్రాణుల పేర్లను, చివరిసారి చూచినది సుమారు ఏ యేటనో జ్ఞప్తికి వచ్చినంతవఱకు వ్రాయుడు. మీ తోడి వృద్ధులనడిగి వారి మాటను వారి పేరుతో చేర్పుడు. ఏటేట ఆ పుస్తకపు నకలొకటి పంచాయతీకిచ్చి, ఒకటి పాఠశాలకిచ్చి, అసలు మీ యింట నుంచుకొనుడు.

ఊరిలో ఒక్కరు మొదలుపెట్టిన చాలును. రేపటి యుదయమున మీ చెఱువుకట్టమీదకో, పొలముగట్టుమీదకో పోయి, తేదీ వేసి, మొదటి పంక్తి వ్రాయుడని కోరుచు, మీవద్ద సెలవు తీసికొనుచున్నాను.